వినడానికి మేం లేమా

ముందు నవ్వు వినిపించింది.

మనిషి కనిపించలేదు. నెల్లూరులో ‘మనోతేజం’ అనే కౌన్సెలింగ్ సెంటరు వెయిటింగ్ హాలు అది. రెండు బల్లల నడుమ ఒక ప్లైవుడ్ పార్టిషన్ నిలబెట్టి ఉంది. దాని అవతల ఎవరో నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని, ఆపాలని చూసి, ఆపలేక, చివరికి వదిలేసిన నవ్వు.

ఆ నవ్వుకి కారణమేమిటో పెంచలకృష్ణకి తెలుసు. కారణం అతని పక్కనే, రిసెప్షన్ టేబుల్ మీద మోచేయి ఆనించి నిలబడి ఉంది. ఆమె అతని మేనత్త మాలకొండమ్మ.

“మీ డాక్టరుగారిది ఏ ఊరమ్మా?” అని ఆమె రిసెప్షన్ అమ్మాయిని అడుగుతోంది.

“ఆయన డాక్టరు కాదండీ. మైండ్ మాస్టర్.”

“ఆ మాస్టరే. సొంతిల్లేనా, బాడుగిల్లా? అన్నదమ్ములెంతమంది? చెడు అలవాట్లేమన్నా ఉండాయా?”

పార్టిషన్ అవతల నవ్వు మళ్ళీ పొంగింది.

చాలా కాలంగా దేనికీ కోపం రాని పెంచలకృష్ణకి ఆ క్షణాన చెవులు వేడెక్కాయి. లేచి పార్టిషన్ అంచు దాకా వెళ్ళి తొంగిచూశాడు. నిమ్మపండు రంగు చుడీదార్‌లో ఒక అమ్మాయి. కళ్ళలో నీళ్ళు, పెదవుల మీద చున్నీ. ఆమె పక్కన భుజాన తువ్వాలుతో ఒక పెద్దాయన, నేల మీద ఏదో పోగొట్టుకున్నవాడిలా తలవంచుకుని కూర్చున్నాడు.

“నవ్వింది మీరేనా?”

“నేనేనండీ. సారీ. భయమేస్తే నాకు నవ్వొస్తది. అందుకే మా నాయన ఇక్కడికి పిలుచుకొచ్చినాడు.”

“నన్ను చూసి భయమేసిందా?”

“మిమ్మల్ని ఇప్పుడే కదా చూస్తుండా. మీతో వచ్చినామెని విని.”

పెంచలకృష్ణకి అన్నిటికీ వాడుకునే జవాబు ఒకటి ఎప్పుడూ నాలుక మీదే ఉంటుంది. దాన్నే తీశాడు.

“సరే. మీ ఇష్టం.”

“నవ్వడమా?” ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. “నా ఇష్టప్రకారం వచ్చే నవ్వయితే ఇంత దూరం ఎందుకొస్తానండీ!”

* * *

‘మీ ఇష్టం’ అనేది పెంచలకృష్ణ జబ్బు పేరు.

విడవలూరు అవతల, సముద్రపు గాలి ఉప్పు చల్లే చోట, వాళ్ళకి రొయ్యల గుంటలున్నాయి. అతను పనిలో లోటు చేయడు. వేళకి మేత వేస్తాడు, వేళకి నీళ్ళు చూస్తాడు. కానీ దోసె తింటావా అన్నం తింటావా అంటే మీ ఇష్టం. రొయ్యల్ని ఎప్పుడు పట్టాలంటే మీ ఇష్టం. నిద్ర పట్టిందా అంటే కూడా ఒకసారి మీ ఇష్టం అన్నాడు.

అన్న పోయినప్పటి నుంచీ ఇదే వరస. గుంటల్లో వదలడానికి రొయ్య పిల్లల్ని తెస్తూ, మనుబోలు దగ్గర హైవే మీద, లారీ కింద పడి పోయాడు అన్న.

ఆ తరవాత ఆ ఇంట్లో ఒక చట్టం పుట్టింది. ఎవరూ రాయలేదు, అందరూ పాటించారు. అన్న పేరు ఎత్తకూడదు. అమ్మ రమణమ్మ తట్టుకోలేదని కొడుకు ఎత్తలేదు. కొడుకు తట్టుకోలేడని అమ్మ ఎత్తలేదు. ఇద్దరూ తట్టుకోలేరని నాన్న ఎత్తలేదు. గుంటల మీద పనికి కుదిరిన కొత్త మనిషిది ఖర్మకాలి అదే పేరు కావడంతో, మాలకొండమ్మ అతనికి అక్కడికక్కడే చంద్రం అని నామకరణం చేసింది. చంద్రం ఆ పేరుకి ఎంతగా అలవాటుపడ్డాడంటే, బ్యాంకులో అసలు పేరు పెట్టి పిలిస్తే పక్కవాడికేసి చూశాడు.

ఇంతలో విడవలూరు డాక్టరు ఒకాయన, “ఒంట్లో ఏ రోగమూ లేదు. మనసు సంగతి చూసేవాళ్ళకి చూపించండి. మంచి థెరపిస్టుని వెతుక్కోండి” అన్నాడు.

వెతకడమనే మాట వినగానే మాలకొండమ్మ నడుము బిగించింది. ఆ వంశంలో పెళ్ళిళ్ళన్నీ ఆమె కుదిర్చినవే. ఒక కొత్త మనిషిని ఎంచుకోవడానికి ఆమెకి తెలిసిన మార్గం ఒకటే ఉంది. నలుగురూ కారెక్కి పోవాలి. ఏ ఊరు, ఎవరి తాలూకు, ఎంతమంది అన్నదమ్ములు అని అడగాలి. మర్యాదగా కాఫీ తాగి, ‘ఇంటికెళ్ళి కబురు చేస్తాం’ అని లేచి రావాలి.

వీధిలో వాళ్ళు ఎక్కడికని అడిగితే, “మావోడికి సంబంధం చూడ్డానికి పోతుండాం” అని చెప్పింది. పిల్ల నచ్చలేదంటే పరువుకి వచ్చిన ముప్పేమీ లేదు. మనసు బాగాలేదంటేనే ఉంది.

ఆ రోజు మైండ్ మాస్టర్ కుటుంబమంతటినీ ఒకేసారి లోపలికి పిలిచాడు. గోడ నిండా సర్టిఫికెట్లు. వాటిలో ఒకటి ఈత పోటీలది. ఆయన పెంచలకృష్ణని నిలువుటద్దం ముందు నిలబెట్టి, “నేను సింహాన్ని! అను. గట్టిగా!” అన్నాడు.

“నేను సింహాన్ని.”

“ఇంకా గట్టిగా! ఇంట్లోవాళ్ళు కూడా అనాలి!”

నాన్న మొహమాటంగా సింహమన్నాడు. మాలకొండమ్మ మొహమాటం లేకుండా అంది. రిసెప్షన్ అమ్మాయి వాటర్ బాటిల్ జారవిడిచింది. అప్పుడు వెయిటింగ్ హాల్లో నవ్వు కట్టలు తెంచుకుని లోపలికి వచ్చిపడింది.

మాస్టర్ ముఖం వెలిగిపోయింది. “విన్నారా? బయట కూర్చున్న ఆ అమ్మాయి ఎంత ఆనందంగా ఉందో! పాజిటివ్ మైండ్ అంటే అది! మనవాడూ అట్లా కావాలి.”

* * *

బయట వాన. పెద్దవాళ్ళు కారు కోసం, ఆటో కోసం చెరో వైపు వెళ్ళారు. మెట్ల కింద రేకుల పంచలో ఇద్దరే మిగిలారు. వాన మాత్రం ఎవరి తాలూకు అని అడగకుండా ఇద్దరి మీదా సమానంగా జల్లు కొట్టింది.

ఆమె పేరు ప్రత్యూష. చిట్టమూరు దగ్గర పల్లె. వరి పొలాల ఇల్లు. గూడూరులో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. తాంబూలాలు పుచ్చుకునేటప్పుడు పెళ్ళికొడుకు తండ్రి గంభీరంగా గొంతు సవరించుకోగానే ఆమెకి నవ్వు వచ్చింది, ఆగలేదు. వాళ్ళు తాంబూలం అక్కడే వదిలేసి లేచిపోయారు. అంతకు ముందు నాయనమ్మ పోయినప్పుడు కూడా ఇట్లాగే నవ్విందని బంధువులు గుర్తు చేసుకున్నారు. అప్పటి నుంచి ఆ నవ్వుకి ఊళ్ళో పిచ్చి అని పేరు.

“ఇక్కడికి వస్తుండామని మా వీధిలో చెప్పలేదండీ. బ్యాంకు ఇంటర్వ్యూకని చెప్పినాడు మా నాయన.”

“మేము పెళ్ళిచూపులకని చెప్పినాం.”

“అమ్మాయి ఎట్టుండాది?”

“సింహం మాదిరి అరిపించింది.”

ఆమె నవ్వింది. ఇది భయపు నవ్వు కాదు. రెంటికీ తేడా ఉందని పెంచలకృష్ణకి అప్పుడే తెలిసింది. భయపు నవ్వు గొంతులో ఇరుక్కుని వస్తుంది. ఇది తడిసిన గాలిలా నేరుగా వచ్చింది.

“నేను కొంచెం చదివినానండీ,” అంది ప్రత్యూష. “థెరపీలో చానా రకాలుండాయంట. అందులో ఒకటి హ్యూమనిస్టిక్ థెరపీ. అందులో థెరపిస్టు పైన కూర్చుని తీర్పు చెప్పరంట. నీలో ఈ తప్పుండాది, నేను రిపేరు చేస్తాననరంట. మనం ఎట్టుంటే అట్టా ఒప్పుకుంటారు. మనసు పెట్టి వింటారు. మన ముందు నటించరు. అట్టాంటి మనిషి దగ్గర కూర్చుంటే, ఎవురి దోవ వాళ్ళే కనుక్కుంటారని వాళ్ళ నమ్మకం.”

“ఎవురి దోవ వాళ్ళేనా?”

“నమ్మకం కలగడం లేదా?”

పెంచలకృష్ణ వాన జల్లులోకి చెయ్యి చాపాడు. మీ ఇష్టం అనలేదు.

“మేము రొయ్యల్ని పెంచుతామంటారండీ జనం. మేము చూసుకునేది నీళ్ళనే. ఉప్పు సరిపోయినంత ఉంటే, గాలి ఆడితే, రొయ్య దానంతటదే పెరుగుద్ది. పట్టుకుని సాగదీస్తే పెరగదు.”

“మరి ఈ మాస్టరు?”

“సాగదీసినాడు.”

ఇద్దరూ కలిసి నవ్వారు. వాన కొంచెం వెనక్కి తగ్గింది.

“అయితే అట్టాంటోళ్ళని కనుక్కునేది ఎట్టా?” అన్నాడు అతను.

“మీ అత్తయ్యగారి ప్రశ్నలు కాదండీ అడగాల్సింది. ఏం చదివినారు? ఎవురి దగ్గర ట్రైనింగ్ అయింది? ఏ పద్ధతిలో చేస్తారు? మేము చెప్పింది ఈ గది దాటుద్దా? ఇవి వాళ్ళని అడగాల. బయటికొచ్చినాక మనల్ని మనం ఒకటి అడుక్కోవాల. లోపల నేను నాలాగా ఉన్నానా, చిన్నబోయినానా అని. ఒకరు కుదరకపోతే ఇంకొకరు. కుదరకపోవడం ఎవురి తప్పూ కాదు.”

“ఇదీ పెళ్ళిచూపులే కదండీ, ఎట్టా చూసినా.”

ఆమె ఏదో అనబోయింది. ఇంతలో కారు వచ్చింది. అద్దం దించి మాలకొండమ్మ, “ఎవురి తాలూకురా ఆ పిల్ల?” అని అడిగింది. జవాబు వచ్చేలోపు ప్రత్యూష ఆటో ఎక్కేసింది. కానీ ఫోన్ నంబర్లు అప్పటికే చేతులు మారాయి.

* * *

రెండో థెరపిస్టు వీడియోల్లో ప్రసిద్ధుడు. ఆయన్ని మాలకొండమ్మ వాట్సాప్ గ్రూపు సిఫారసు చేసింది. పెంచలకృష్ణ మాట్లాడుతున్నంతసేపూ ఆయన తన వీడియోని ఎంతమంది చూశారో ఫోనులో చూసుకున్నాడు. ప్రత్యూష కూడా, తండ్రి ఒత్తిడి మీద, మరుసటి వారం ఆయన్నే కలిసింది.

“ఏమన్నాడండీ?” అని ఫోనులో అడిగింది.

“పెళ్ళి చేస్తే అన్నీ సర్దుకుంటాయన్నాడు. మీకో?”

“పెళ్ళి చేస్తే నవ్వు ఆగిపోతుందన్నాడు. మా పెద్దమ్మని చూస్తే, అది మాత్రం నిజమేనేమో అనిపిస్తది.”

ఈలోగా విడవలూరులో కథ మరోలా పాకింది. ఆడపిల్లలందరూ పెంచలకృష్ణని కాదంటున్నారట. పాపం, ఏ ఇంట్లోనూ కుదరడం లేదట. టీ అంగడి దగ్గర ఒక ముసలాయన భుజం తట్టి, “దిగులు పడొద్దు నాయనా. నీ కోసం ఏ మహాతల్లో యాడో పుట్టే ఉంటది” అన్నాడు. మనసు బాగాలేదని దాచడానికి ఆడిన అబద్ధం, దిగులు పడనివాడికి కూడా దిగులు పుట్టించేలా తయారైంది.

మూడో పేరు ప్రత్యూష కనుక్కుంది. షాహనా గారు. సైకాలజీలో పెద్ద చదువు, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో శిక్షణ. నెల్లూరులో వాళ్ళ నాన్న బట్టల కొట్టు పైన ఒక గది. ఫోనులో ప్రశ్నలన్నిటికీ విసుక్కోకుండా సమాధానం చెప్పిందట.

పెంచలకృష్ణ వెంట మాలకొండమ్మ తప్పలేదు. గదిలో రెండు కుర్చీలు, ఒక కిటికీ, ఒక మంచినీళ్ళ కూజా. అద్దం లేదు. సర్టిఫికెట్ ఒకటే ఉంది, అదీ ఈతది కాదు.

“లోపలికి కృష్ణ గారు ఒక్కరే రావాలండీ,” అంది షాహనా.

“ఒక్కణ్ణే ఎట్టా పంపుతామమ్మా? పిల్ల...” అని మాలకొండమ్మ నాలుక కరుచుకుంది. “సరేలే. మందేమిస్తావు?”

“మందులు నేను ఇవ్వనండీ. అవసరమనిపిస్తే సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళమని చెబుతాను.”

“పోనీ, సలహా ఏం చెప్తావు?”

“సలహాలు కూడా తక్కువే.”

“మరేం చేస్తావమ్మా?”

“వింటాను.”

మాలకొండమ్మకి ఆ మాట బట్టల కొట్టులో గుడ్డ లేదన్నట్టు వినిపించింది. “వినడానికి మేం లేమా?”

షాహనా నొచ్చుకోలేదు. “ఉన్నారండీ. మీరంటే ప్రేమ కాబట్టే, మీకు బాధ కలుగుతుందని మీ దగ్గర చెప్పలేనివి కొన్ని ఉంటాయి. నేను పరాయిదాన్ని కదా. నాకు చెప్పొచ్చు.”

తలుపు మూసుకుంది.

“ఎక్కడి నుంచి మొదలుపెడదామండీ?”

“మీ ఇష్టం.”

“నా ఇష్టం నాకు తెలుసు. మీ ఇష్టం తెలుసుకోవాలని ఉంది.”

పెంచలకృష్ణ కిటికీ చూశాడు. కూజా చూశాడు. ఎవరో ఒకరు మాట్లాడి తనని కాపాడతారని ఎదురుచూశాడు. ఎవరూ కాపాడలేదు. కానీ ఆ మౌనం చల్లగా ఉంది, తరమడం లేదు.

“మా ఇంట్లో అందరూ నన్ను జాగ్రత్తగా చూసుకుంటారండీ,” అన్నాడు చివరికి.

“జాగ్రత్తగా.”

“ఆఁ. పగిలిన కుండకి సున్నం పూసి, గోడకి ఆనించి పెడతారు చూడండి, అట్టా. నీళ్ళు పొయ్యరు. తాకరు.”

“మీకు కోపంగా ఉందేమో.”

“కోపం కాదండీ.”

“అయితే నేను తప్పుగా అనుకున్నాను. ఏమిటో మీరే చెప్పండి.”

తప్పుగా అనుకున్నానని ఒప్పుకున్న పెద్దమనిషిని పెంచలకృష్ణ ఈ మధ్య కాలంలో చూడలేదు.

“మా అన్న...” అన్నాడు. అక్కడ ఆగిపోయాడు. ఆ తరవాత ఉండవలసిన పేరు గొంతులో ముల్లులా అడ్డం తిరిగింది. షాహనా దాన్ని లాగలేదు. అది అక్కడ ఉందని ఆమెకి తెలిసింది. ఆమెకి తెలిసిందని అతనికి తెలిసింది. ఆ రోజుకి అంతే.

మెట్లు దిగాక తనని తాను అడుక్కున్నాడు. చిన్నబోయానా? లేదు.

విచిత్రమేమంటే, ఆ షాహనా గారే ప్రత్యూషకి కుదరలేదు.

“ఆమె చానా మంచామె. కానీ అంత నిశ్శబ్దంగా కూర్చుంటే నాకు నవ్వొస్తదండీ. ఆ మాటే ఆమెతో చెప్తే, ఏమీ అనుకోకుండా ఆమే గూడూరులో టైటస్ సారు దగ్గరికి పంపినారు. ఆయనదీ ఇదే పద్ధతే. కాకపోతే ఆయన మాటకారి. నేను నవ్వితే ఆయనా నవ్వుతాడు. నవ్వడం అయినాక, ‘ఈ నవ్వు ఎవురినమ్మా కాపలా కాస్తుండాది?’ అని అడిగినాడు. ఇంటికొచ్చి చానాసేపు ఏడ్చినా. నాయనమ్మ కోసం. అప్పుడు ఏడవలేదు కదా.”

* * *

నెలలు గడిచాయి. మాలకొండమ్మ ప్రతివారం ఒకటే అడిగేది.

“ఏం చెప్పిందిరా?”

“ఏం చెప్పలేదత్తా.”

“ఏం చెప్పకుండా ఉండేదానికి అంత చదువెందుకు?”

ఒక ఉదయం అమ్మ మామూలుగా, జవాబు ఆశించకుండా, దోసె పొయ్యనా ఉప్మా పెట్టనా అని అడిగింది.

“దోసె,” అన్నాడు పెంచలకృష్ణ. “కారం దోసె. రెండు వైపులా కాల్చమ్మా.”

అట్లకాడ అమ్మ చేతిలోనే నిలిచిపోయింది. నాన్న పేపరు దించాడు. మాలకొండమ్మ పెరట్లోకి పరిగెత్తి బంధువులందరికీ ఫోను చేసింది. “దోసె అన్నాడు! వాడంతట వాడే! రెండు వైపులా!” మధ్యాహ్నానికి ఆ వార్త మనుబోలు దాటింది.

ఆ వారం మైపాడు బీచ్‌లో సన్నటి తుంపర పడుతుండగా ప్రత్యూష మొక్కజొన్న కంకి ఒలుస్తూ నడుస్తోంది. పెంచలకృష్ణ ఆమెకి అన్న గురించి చెప్పాడు. రొయ్య పిల్లలు తెల్లారేసరికి గుంటలో పడాలని అన్న పడే తొందర, తప్పుడు రాగంలో పాడే పాట, తమ్ముడి చొక్కాలే ఏరి వేసుకునే దొంగబుద్ధి. అన్నీ చెప్పాడు, పేరు తప్ప.

“పేరు రావడం లేదండీ. ఒక్కసారి అమ్మ ముందర అంటే గాని ఇంకెక్కడా రాదేమో. అంటే అమ్మ ఏమైపోతుందో అని భయం.”

“నేను అడగనులే,” అంది ఆమె. “వచ్చినప్పుడే రానీండి.”

అల ఒకటి వాళ్ళ కాళ్ళ దాకా వచ్చి, మాటలు విని, మర్యాదగా వెనక్కి వెళ్ళింది.

“ఇప్పుడెక్కడికి పోదాం? మీ ఇష్టం అన్నారంటే ఈ కంకి మీ నెత్తిన కొడతా.”

“చిట్టమూరుకి.”

“మా ఊరికా? ఎందుకు?”

“పెళ్ళిచూపులకి. ఈసారి నిజం పెళ్ళిచూపులే. అది నా ఇష్టమండీ. మీ ఇష్టం ఏందో మీరు చెప్పాల.”

ప్రత్యూష నవ్వింది. గొంతులో ఇరుక్కుని వచ్చిన నవ్వు.

“భయమేసిందా?”

“చానా.” ఆమె కళ్ళు నిండుగా ఉన్నాయి. “నా ఇష్టం కూడా అదే కాబట్టే అంత భయం.”

“నాకూ అంతే. కాకపోతే నాకు నవ్వు రాదు. చేతులు చల్లబడతాయి.”

ఆమె లెక్కల టీచరు. నిరూపణ లేనిదే దేన్నీ ఒప్పుకోదు. అందుకని అతని చెయ్యి పట్టుకుని చూసింది. నిజంగానే చల్లగా ఉంది. వేడెక్కే దాకా వదలలేదు.

* * *

కారు చిట్టమూరు దారి పట్టింది. వీధిలో ఎవరూ ఎక్కడికని అడగలేదు. పెళ్ళిచూపులన్న ఈ నిజం, అబద్ధంగా ఎప్పుడో అరిగిపోయింది.

ముందు సీట్లోంచి మాలకొండమ్మ వెనక్కి తిరిగింది. “రెండు మాటలు నోరు దాటకూడదు. ఒకటి, ఆ వినే ఆమె దగ్గరికి పోయే సంగతి. వాళ్ళు మనల్ని ఆ మాస్టరు కాడ చూసినా, ఆ ఒక్క రోజుతో సరిపోయిందనుకోనీ. రెండోది... అన్నదమ్ములెంతమందంటే ఒక్కడే అని నేను చెప్తా. వయసులో పిల్లోడు పోయిన ఇల్లంటే ఎవురైనా వెనకాడతారు. పైగా మీ అమ్మ ముందర ఆ మాట ఎందుకు?”

పెంచలకృష్ణ పక్కనే కూర్చున్న అమ్మ కిటికీలోంచి వరి చేలు చూస్తోంది. విన్నదో లేదో తెలియలేదు.

ప్రత్యూష ఇంట్లో చాపలు పరిచారు, కుర్చీలు వేశారు, అరిసెలు పెట్టారు. కూతురికి తండ్రి హజరత్తయ్య అప్పటికే దణ్ణం పెట్టినంత పని చేసి ఉన్నాడు, నవ్వొద్దని. ఆమె వచ్చి కూర్చుంది. పెదవులు బిగించింది.

మాలకొండమ్మ కాఫీ చల్లార్చుకుంటూ పొలం అడిగింది, పుట్టిల్లు అడిగింది, మేనమామలని అడిగింది. హజరత్తయ్య వంతు వచ్చింది. పెళ్ళిచూపుల్లో అందరూ అడిగేదే ఆయనా అడిగాడు.

“మీ అబ్బాయికి అన్నదమ్ములెంతమందమ్మా?”

“ఎవురూ లేరన్నా. ఒక్కడే,” అంది మాలకొండమ్మ.

ఆ ఒక్క మాటకి గది చల్లబడింది. నాన్న తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. అమ్మ కాఫీ గ్లాసుని రెండు చేతులా పట్టుకుంది. ప్రత్యూష తల ఎత్తి పెంచలకృష్ణని చూసింది. అతని ముఖం మళ్ళీ ఆ సున్నం పూసిన కుండలా అయిపోవడం చూసింది. భయం ఆమె గొంతులోంచి పైకి వచ్చింది.

నవ్వు పగిలింది.

హజరత్తయ్య కళ్ళు మూసుకున్నాడు. మాలకొండమ్మ గ్లాసు ఠక్కున కింద పెట్టింది.

“ఏందన్నా ఇది! పిల్లోడికి తోడబుట్టినోళ్ళు లేరంటే నవ్వుద్దా మీ అమ్మాయి? లెయ్యరా కృష్ణా, పోదాం పద.”

నాన్న లేచాడు. గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడైంది. లేచి వెళ్ళిపోతే అబద్ధం నిలబడుతుంది, అమ్మ మనసు క్షేమంగా ఉంటుంది. కానీ ఆ నవ్వు ఇంకొకసారి పిచ్చి అనిపించుకుంటుంది, అన్న ఇంకొకసారి లేకుండా పోతాడు. పెంచలకృష్ణ చేతులు చల్లబడ్డాయి.

“కూర్చో అత్తా,” అన్నాడు.

“ఏందిరా?”

“ఆ అమ్మాయి ఎగతాళికి నవ్వలేదు. భయమేస్తే అట్టా వస్తది. నా కోసం భయపడింది. నేనూ మనసు బాగలేక ఇప్పటికీ ఒకామె దగ్గరికి పోతుండానయ్యా,” అని హజరత్తయ్య వైపు తిరిగాడు. “పెళ్ళిచూపులని ఊళ్ళో చెప్పి పోతుండాం. ఇంకోటి కూడా అబద్ధమే. నేను ఒక్కణ్ణే కాదు. ఇద్దరం. మా అన్న లారీ కింద పడి పోయినాడు. లేడు గాని, లేనే లేడని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. ఇది తెలిసి పిల్లనిస్తే ఇవ్వండి. లేదంటే...”

ఈసారి మీ ఇష్టం అనే మాట ఎదుటివాళ్ళ కోసం, దాని అసలు అర్థంలోనే, గదిలో అనకుండా మిగిలింది.

హజరత్తయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

“మా బిడ్డ నవ్వితే లేచిపోయినోళ్ళని చూసినా నాయనా,” అన్నాడు నెమ్మదిగా. “లేచినోళ్ళని కూర్చోబెట్టినోణ్ణి ఇప్పుడే చూస్తుండా. బ్యాంకు ఇంటర్వ్యూ అని నేనూ మా వీధి వీధికీ అబద్ధం చెప్పినోణ్ణే. కూర్చోండమ్మా. కాఫీ చల్లారిపోతుండాది.” ఆయన తువ్వాలు సర్దుకున్నాడు. “పెద్దబ్బాయి పేరేంది? మా ఇంటికి అల్లుడొస్తుంటే, ఆయన అన్న పేరు మాకు తెలియకపోతే ఎట్టా?”

పెంచలకృష్ణ నోరు తెరిచాడు. పేరు రాలేదు.

మాలకొండమ్మ మాట అందుకోబోయింది. ప్రత్యూష ఆమె చేతి మీద తన చెయ్యి వేసింది. అంతే, ఆ పెద్దావిడ కూడా, బహుశా జీవితంలో మొదటిసారి, ఎవరి కోసమో ఊరుకుంది. గది మొత్తం వింటూ కూర్చుంది.

కాఫీ గ్లాసు నేల మీద పెట్టిన చప్పుడైంది. అమ్మ.

ఆమె ముఖం అందరూ భయపడినట్టు ముక్కలు కాలేదు. ఎన్నాళ్ళో వాకిట్లో నిలబడి ఎదురుచూసిన మనిషి ముఖంలా ఉంది.

“చెప్పు నాయనా,” అంది. “మీరు తట్టుకోలేరని నేను నోరు మూసుకున్నా. గుంటల కాడ ఆ చంద్రాన్ని నేను చాటుగా వాడి అసలు పేరుతో పిలుస్తా, తెలుసా నీకు? వాడు పలకడు. నేను పెట్టుకున్న పేరురా అది. నీ నోటెంట ఒక్కసారి విననీ.”

పెంచలకృష్ణ అమ్మ వైపు తిరిగాడు. ఊపిరి తీసుకున్నాడు.

“విజయభాస్కర్.”